కాలువలోంచి వచ్చిన కోడలు

మా మేడమీద గదిలో కిరాయికి ఉండే అమ్మాయి ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, మీ గొంతు జర కావాలె నాకు" అంది. పప్పుకు తిరగమోత పెడుతున్నాను. గొంతు కావడమేమిటో అర్థం కాక స్టవ్ కట్టేసి బయటికి వచ్చాను. చిటికెడు ఇంగువ, గ్లాసెడు మజ్జిగ అడిగి పట్టుకెళ్ళిన పిల్లే కానీ, ఇలాంటిది ఎప్పుడూ అడగలేదు.

అశోక్‌నగర్‌కు అందరూ దేనికి వస్తారో ఆ పిల్లా దానికే వచ్చింది, గ్రూప్స్ కోచింగుకి. పరీక్ష తేదీ రావడం, వాయిదా పడటం, మళ్ళీ రావడం, మళ్ళీ పడటం. ఊరికే ఎదురుచూడలేక, లైబ్రరీ గోడ పక్కన కూర్చుని కథలు రాయడం మొదలుపెట్టింది. ఫోన్లో కథలు చదివి వినిపించే యాప్ ఒకటి ఉందట. దానికి పంపిస్తోంది.

"పొద్దున మీరు పారాయణం చేస్తరు గద, మెట్ల మీదికి వినొస్తది. గా గొంతుతోని నా కథ చదవాలె."

"ఏం కథే?"

"పాత నవల పెద్దమ్మా. రాసినాయన ఎప్పుడో పోయిండు, ఇప్పుడు ఎవరన్న వాడుకోవచ్చు. నవల గట్లనే ఉంచి, మధ్యల జాంబీలను పెడుతున్న. ఇప్పుడు గవే మస్తు వింటున్నరు."

జాంబీ అంటే ఏమిటని అడిగాను. చచ్చిపోయి లేచి నడుస్తుందట. మాట ఉండదు, ఆలోచన ఉండదు, ఆకలి ఒక్కటే ఉంటుందట.

"అంటే దయ్యమా?"

"దయ్యం కాదు. దయ్యానికి ఒళ్ళు ఉండదు, మనిషి ఉంటడు. దీనికి ఒళ్ళు ఉంటది, మనిషి ఉండడు."

పేపరు వెనకనుంచి మావారు అందుకున్నారు. "రిటైరైన మర్నాడు నా పరిస్థితీ అదేనమ్మా. ఆకలి కూడా అంతే."

ఆ పిల్ల నవ్వుతూ సంచిలోంచి పుస్తకం తీసింది. కోఠీలో ఫుట్‌పాత్ మీద దొరికిందట. అట్ట సగం చిరిగి ఉంది. మిగిలిన సగంలో ఒక ఆడమనిషి వీపు, ఆవిడ ముందు నీళ్ళు. చేతిలోకి తీసుకోకుండానే గుర్తుపట్టాను. గరిట ఇంకా నా చేతిలోనే ఉందని మావారు అంటే గాని తెలియలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

*

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. చిక్కడపల్లిలో మేం అద్దెకున్న ఇంటి దగ్గర బడి మేడమీద ఉండేది. ఆ మెట్లు ఎక్కితే నాకు పిల్లికూతలు మొదలయ్యేవి. నాన్న ఆఫీసుకు వెళ్ళాక అమ్మే నాకు పలక, అమ్మే నాకు పంతులమ్మ. అక్షరాలు వచ్చాక పైకి చదవమనేది. పైకి చదివితే ఊపిరి ఆడుతుందని ఎవరు చెప్పారో ఆవిడకి, ఎవరూ చెప్పలేదేమో. కామా దగ్గర కొంచెం పీల్చు, వాక్యం చివర నిండా పీల్చు, మధ్యలో పీల్చావంటే దొంగతనం. ఇదీ నేను నేర్చుకున్న వ్యాకరణం. ఇవాళ్టికీ నేను మందు లేకుండా పారాయణ పూర్తిచేస్తున్నానంటే ఆవిడ చలవే. రోజూ దేవుడి ముందు మొదటి దండం అందుకే పెట్టుకుంటాను, తర్వాతే మిగతావి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ వసారాలో చదివేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేటలు తెచ్చుకుని బియ్యం ఏరుకుంటూ వినేవారు. కొన్నాళ్ళు పురాణం, కొన్నాళ్ళు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన నవల. రెంటికీ అమ్మ పాటించే పద్ధతి ఒక్కటే. ఏ పూటకాపూట శుభం దగ్గర ఆపాలి. పురాణం చెప్పేవాళ్ళు ఎవరైనా అంతే కదా, యుద్ధంలో పడిపోయినవాణ్ణి అక్కడే వదిలేసి శాలువా కప్పుకుని వెళ్ళిపోరు. పెళ్ళో, పురుడో, పట్టాభిషేకమో వచ్చేదాకా లాగుతారు. అమ్మ ఆ పద్ధతిని నవలలకీ పెట్టింది. ఎవరో అన్నం తినాలి, దీపం పెట్టాలి, పిల్ల నవ్వాలి. అప్పుడే పుస్తకం మూసేది. ముందుకు వెళ్ళినా మంచి చోటు దొరక్కపోతే పేజీలు వెనక్కి తిప్పి, ఎప్పుడో చదివేసిన మంచి ముక్క మళ్ళీ చదివి ఆపేది. "విన్నవాళ్ళు దాన్ని ఒళ్ళో వేసుకుని ఇంటికి వెళ్తారే, బరువుగా పంపకూడదు" అనేది. చేటలవాళ్ళు విసుక్కునేవాళ్ళు. "అది అయిపోయింది కదండీ, తర్వాతేమైందో చెప్పండి!" అమ్మ వినేది కాదు.

ఆ పిల్ల చేతిలోని నవల, అమ్మ చివరగా చదివినది.

కథ ఒక కోడలిది. పెద్ద ఇల్లు, చాలామంది మనుషులు, ఆవిడకి మాత్రం చోటు లేదు. ఆ మధ్యాహ్నం అమ్మ చదువుతున్నది ఆ కోడలు కాలువ లాకుల దగ్గర మెట్లు దిగుతున్న చోటు. నీళ్ళు ఆవిడ పాదాలకు తగిలాయి, చీర కుచ్చెళ్ళు తడిశాయి. అక్కడ అమ్మ ఆగింది. పుస్తకాన్ని బోర్లించి మంచం మీద పెట్టి, కొంచెం మంచినీళ్ళు తెమ్మంది. నేను తెచ్చేసరికి గోడకి ఆనుకుని ఉంది, చెయ్యి గుండె మీద ఉంది. నారాయణగూడ ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్ళాం. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ దినాల్లో ఎవరో పుస్తకాన్ని షాపులో ఇచ్చేశారు. తర్వాత ఎన్నోసార్లు దొరికేది, నేనే చూడలేదు. ఆ కోడలికి ఏమైందో నాకు తెలియదు. ఎవరైనా చెప్పబోతే మాట మార్చేదాన్ని. నా లెక్కలో ఆవిడ ఇంకా ఆ మెట్ల మీదే ఉంది, కుచ్చెళ్ళు తడిసి. లాకుల దగ్గర ఎవరైనా ఉంటారు, చూసి చెయ్యి పట్టుకుంటారు. పట్టుకోకూడదని ఎక్కడుంది? ఇన్నేళ్ళూ ఆ ఒక్క పేజీ నాకు ఒంట్లో ముల్లులా ఉండేది. పనిలో ఉంటే తెలియదు. ఊరికే కూర్చుంటే తెలుస్తుంది. అందుకే కాబోలు, నేను ఊరికే కూర్చోవడం మావారు ఎప్పుడూ చూడలేదు.

"మీరు చదివిన్రా ఇది?" అని అడిగింది ఆ పిల్ల.

"సగం."

"నా దాంట్ల ఆమె కాలువలకెల్లి లేస్తది."

"లేస్తుందా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మావారు పేపరు దించారు.

సరేనన్నాను. దేనికి సరేనన్నానో ఆలోచించింది ఆ తర్వాతే. అమ్మ చదివిన నవలలో శవాల్ని నడిపించడానికి నోరిచ్చానని అప్పుడు బెంగ పట్టుకుంది. అంతకన్నా పెద్ద బెంగ, ఆపిన చోటు నుంచి ముందుకు వెళ్ళాల్సి వస్తుందని. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. "అసలు పుస్తకంలో తర్వాత ఏమైందో నాకు చెప్పకు. నువ్వు రాసింది నువ్వు రాసిందిగా చదువుతాను." ఆ పిల్ల వింతగా చూసి తలూపింది.

*

రికార్డింగ్ దోమలగూడలో. అపార్ట్‌మెంట్ వెనక చిన్న గది, గోడలకంతా స్పాంజి. ఫ్యాను వేస్తే చప్పుడు వస్తుందని వేయరు. అద్దానికి అవతల కూర్చునే అతన్ని ఆ పిల్ల అన్న అనేది. అతను నన్ను అమ్మా అనేవాడు.

"అమ్మా, మీ ఊపిరి అసలు వినొస్తనే లేదు. వేరేటోళ్ళది కట్ చేయనీకె నాకు పానం పోతది" అన్నాడు మొదటిరోజు. అమ్మ వినుంటే బాగుండుననిపించింది.

మొదటి భాగంలో ఇల్లూ, మనుషులూ, కోడలి కాపురం. పాత రచయిత వాక్యాలే చాలా ఉంచింది ఆ పిల్ల. చివర మాత్రం తనది. కాలువలోంచి ఒక చెయ్యి లేచి మెట్టును పట్టుకుంటుంది. గోళ్ళ కింద బురద. అంతే, అక్కడ ఆపాలి.

నేను ఆపలేకపోయాను. కాగితంలో ఇక ఏమీ లేదు. వెనక్కి తిప్పుదామంటే మంచి ముక్క ఎక్కడుందో తోచలేదు. నోరు దానంతటదే నడిచింది. "ఆ సాయంత్రం ఆ ఇంట్లో దీపం పెట్టారు. పిల్లలందరూ కడుపునిండా అన్నం తిన్నారు."

అద్దం అవతల ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పెద్దమ్మా, గది నేను రాయలే."

"తెలుసే. కానీ అలా వదిలేస్తే ఎలా? విన్నవాళ్ళు ఆ చేతిని పట్టుకుని ఇంటికి వెళ్తారా?"

"వాళ్ళు ఇంట్లనే ఉంటరు పెద్దమ్మా, పండుకొని వింటరు."

"అయితే మరీ ఘోరం!"

అన్న పడీ పడీ నవ్వాడు. "అమ్మకు ఎట్ల నచ్చితే గట్ల చదవనీయి. నేను కట్ చేస్త." అదీ మా ఒప్పందం. ప్రతి భాగం చివరా నేను దీపం పెట్టించేదాన్ని, అతను తీసేసేవాడు. నాకు ఇంటికి వెళ్ళే దారి దొరికేది. ఎవరికీ నష్టం లేదనుకున్నాం.

ఒకసారి అతను తీయడం మర్చిపోయాడు.

ఆ భాగంలో కోడలు ఒక్కతే కాదు, కాలువలో ఎప్పుడెప్పుడో పడినవాళ్ళంతా లేచి గట్టు వెంట నడుస్తారు. గట్టు మీద చుట్ట కాల్చుకుంటున్న చౌకీదారుని పట్టుకుంటారు. దాని వెనకే నా గొంతు, దీపం, కడుపునిండా అన్నం.

ఆ భాగం యాప్‌లో వచ్చిన రెండో పూటకి ఆ పిల్ల మెట్లు దబదబా దిగి వచ్చింది, ఫోను పైకెత్తి పట్టుకుని. "పెద్దమ్మా! మస్తు వింటున్నరు! మీ దీపానికే భయపడుతున్నరు!"

"దీపానికా?"

"ఇగో వినుండ్రి. 'చౌకీదారు సీన్ మామూలుగనే ఉంది, కానీ చివర్ల ఆ ముసలామె ఏం కానట్టు గంత నిమ్మళంగ దీపం పెట్టిన్రు అంటది చూడు, నేను లేసి లైట్ ఏసిన.' ఇంకొకలు, 'ఆమె గొంతు వింటే మా నాయనమ్మ యాదికొచ్చి ఇంక భయమైంది.'"

మావారికి పట్టరాని సంతోషం. "ఎన్నాళ్ళుగా చెప్తున్నాను, నీ గొంతు వింటే నాకు భయమని. నమ్మావా?"

వాళ్ళు నవ్వుతుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. భయం దిగడానికని అమ్మ పెట్టిన మందు, నా నోట్లోంచి వెళ్ళి భయమైంది. ఎవరో తెలియని ఇంట్లో ఎవరో పిల్ల దీపమన్న మాట విని లేచి కూర్చుంది. సాయంత్రం చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాను. ప్రదక్షిణలు చేస్తుంటే ఎన్నయ్యాయో తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ తప్పాను. కళ్ళు మూసుకుంటే స్వామి కనబడలేదు, కాలువ గట్టు కనబడింది. తీర్థం తీసుకుని వెంటనే ఇంటికి రాలేక నారాయణగూడ చౌరస్తా దాకా నడిచాను. మెట్రో కింద దుమ్ములో నిలబడి, ఎందుకొచ్చానో తెలియక, అరడజను అరటిపళ్ళు కొనుక్కుని వెనక్కి వచ్చాను.

ఆ పైన గొడవ ఇంకోలా ముదిరింది. ఆ మాట ఇక ప్రతి భాగంలోనూ ఉండాలన్నారు యాప్ వాళ్ళు. అన్న ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మా, గదే మన ట్రేడ్‌మార్క్ అయింది. ఇంక జర మెల్లగ చెప్తే ఇంక భయమైతది."

"నేను చెప్పను నాయనా. ఇక ఆ మాట నా నోట రాదు."

చెప్పలేదు కూడా. తర్వాతి భాగం ఉన్నదున్నట్టు చదివి, చెవులకు పెట్టినవి తీసేశాను. ఆ పూటంతా అన్నం సయించలేదు. సాయంత్రం ఆ పిల్ల వచ్చి మెట్ల మీద కూర్చుంది. "చెప్తే మీకు పడదు, చెప్పకపోతే మీకు పడదు. మరి ఎట్ల పెద్దమ్మా?"



*

ఆఖరి భాగం కాగితాలు వచ్చాయి. చచ్చిన కోడలు నడిచి నడిచి ఇంటి గుమ్మం ముందుకు వస్తుంది. లోపల అత్తగారు, మామగారు, పిల్లలు, గడియ పెట్టుకుని. తలుపు కొడుతుంది. కొడుతూనే ఉంటుంది. గడియ ఊడుతుంది. అత్తగారి మెడ మీద పళ్ళు. అయిపోయింది.

ఆ కాగితాలు దేవుడి గూటి పక్కన పెట్టలేక, వంటింట్లో పెట్టలేక, ఫ్రిజ్ మీద పెట్టి వాటి చుట్టూ తిరిగాను. ఇది చదివానంటే ఆ కోడలు నా వరకు ఇలాగే ఉండిపోతుంది. అమ్మ మెట్ల మీద వదిలింది, నేను అత్తగారి మెడ మీద వదిలినదాన్నవుతాను. చదవనంటే ఆ పిల్ల కథ గుమ్మంలో ఆగిపోతుంది. ఇంకో గొంతు పెట్టుకోమందామనుకున్నాను, ఇంతదూరం వచ్చాక ఆ మాట అనడానికి నోరు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పిల్లను కిందికి పిలిచాను. "పుస్తకం పట్టుకురా. అసలుది."

ముందుగదిలో చాప వేశాను. మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. లాకుల మెట్ల పేజీ తీశాను. నీళ్ళు పాదాలకు తగిలాయి, కుచ్చెళ్ళు తడిశాయి. అక్కడిదాకా అమ్మ గొంతే నాకు వినబడింది. ఆ తర్వాతి వాక్యం నాది. వాక్యం చివర నిండా పీల్చి మొదలుపెట్టాను.

లాకుల దగ్గర ఎవరూ లేరు. చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. శవం తేలింది. మామగారు లోపలికి తేవద్దన్నాడు. గట్టు మీదే కానిచ్చారు. తర్వాత చేయవలసినవి చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇంట్లో రెండో సంబంధం మాటలు మొదలయ్యాయి. చివరి పేజీలో అత్తగారు వీధి తలుపు వేసి వస్తుంది. నవల అంతే. ఇంకో కాగితం ఉందేమోనని అట్ట లోపలివైపు కూడా చూశాను.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

"అమ్మ ఈ నవల అంతకుముందే చదివింది" అన్నాను. "తనకు నచ్చినవే మళ్ళీ తెచ్చి మాకు చదివేది. ముందు మంచి చోటు లేదని ఆ రోజు ఆవిడకి తెలుసు. వెనక్కి వెళ్ళాలనే అనుకుని ఉంటుంది. ఏ పేజీకో నాకు తెలియదు."

"నాకు తెలుసు" అంది ఆ పిల్ల.

ఇద్దరం దానికేసి చూశాం.

"వెనక్కి పోవాలంటే ఒక్కటే జాగ ఉంది పెద్దమ్మా. ఇది రాయనీకె ఎన్నిసార్లు చదివిన్నో. కొత్తగ వచ్చినప్పుడు, అందరు తిని లేసినంక, వంటింట్ల ఆమె, గా ఇంట్ల ఉండే ముసలి మేనత్త, ఇద్దరు గిన్నెల మిగిలిన అన్నంల ఆవకాయ కలుపుకొని తింటరు. మేనత్త ఏదో ముచ్చట చెప్తది, ఈమె నవ్వుతది. గదొక్కటే. గా తర్వాత ఆమె కడుపునిండ తిన్నట్టు నవలల ఏడ లేదు. వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ అయితది, లేకుంటె ఎవరో పిలుస్తరు, లేకుంటె ఉపాసం. వట్టిగ జూస్తే కనవడది. అందుకే గద నేను ఆమెను ఆకలితోని లేపిన! మీరేమో, శవాలను పెట్టి పుస్తకం పాడు చేసిన అనుకుంటున్నరు."

అనుకున్నమాట నిజమే. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నేను అమ్మ పేజీ చుట్టూ ఇన్నేళ్ళు తిరిగాను. ఆ కోడలికి ఆకలి వేస్తోందని నాకు తట్టలేదు.

"అయితే మరి, తల్లీ, ఆకలితో గుమ్మంలోకి వచ్చినదానికి లోపలివాళ్ళు గడియ పెట్టుకుని కూర్చుంటారా?"

"మరేం చేస్తరు? జాంబీ గద."

"జాంబీ అయితే ఏం. చచ్చిపోయినవాళ్ళు ఆకలితో వస్తారని మనకి తెలియంది కాదు కదా. పెడతాం. అమ్మ ఆబ్దికం మా అన్నయ్య పెట్టిన రోజు మేమూ ఇక్కడ పిట్టగోడ మీద ముద్ద పెట్టి నిలబడతాం. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవ్వరూ తినకూడదు."

"ఈ అశోక్‌నగర్‌లో కాకులెక్కడివి, అన్నీ పావురాలే" అన్నారు మావారు. "పోయినసారి ఎంతసేపు నిలబడ్డామో! చివరికి నేనే కాకినవుతానన్నాను, ఆకలి చంపేస్తుంటే."

ఆ పిల్ల నవ్వలేదు. చాప మీద మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. "ముట్టకపోతే?"

"ముట్టేదాకా నిలబడాల్సిందే."

"లోపలోళ్ళు ఎవరు తినొద్దా? పిల్లలు కూడ?"

"పెద్దవాళ్ళు తినరు. పిల్లలకి కూడా మా ఇంట్లో ఆగమనేవారు."

"అంటే అత్త అన్నం వండి గుమ్మంల పెట్టి... ఆమె ముట్టదు. గంటలు గంటలు. లోపల అందరికి ఆకలైతుంటది, అన్నం వాసన వస్తుంటది. ఆమె బయట నిలబడి చూస్తుంటది. ముట్టదు..." నా చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, గింత భయం నాకు రానే రాలే! కొరుకుడు ఏం భయం, గిది భయం!"

నాకు ముద్ద కనబడింది, దానికి భయం కనబడింది. అయితేనేం, కథ ఒకటే. ఆ సాయంత్రమంతా ఇద్దరం కూర్చున్నాం. అత్తగారే వండాలన్నాను నేను, ఎప్పుడూ గిన్నె ఖాళీ చేయించింది ఆవిడే కాబట్టి. తనకి వంట రాక ఆ పిల్ల అత్తగారి చేత ఏదో పులావు వండించబోతే వద్దన్నాను. అన్నం, ఆవకాయ. ఎందుకు ముట్టడం లేదో అత్తగారికి చివరిదాకా తోచకూడదంది ఆ పిల్ల. తోచినప్పుడు ఆవిడ లేచి వెళ్ళి, గుమ్మం ఇవతల తనూ చతికిలబడాలి, వంటింట్లో మేనత్త ఆమెతో కూర్చుని తిన్నట్టు. అప్పుడు బయటి చెయ్యి కదలాలి. ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు పోట్లాడుకున్నాం. గోళ్ళ కింద బురద ఉండాలని ఆ పిల్ల, అన్నం తినే చెయ్యి కడిగి ఉండాలని నేను. బురదే ఉంచింది. దానిదే కథ కదా.

*

దోమలగూడ గదిలో ఆఖరి భాగం చదివాను. అన్నం వాసన దగ్గర అద్దం అవతల అన్న కుర్చీలో ముందుకు వంగాడు. ఆ పిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది, రాసింది తనే అయినా. అత్తగారు చతికిలబడింది. బురద గోళ్ళ చెయ్యి గుమ్మంలోకి వచ్చింది. ముద్ద తీసుకుంది. తిన్నది.

ఆపాను.

అన్న ఎదురుచూస్తున్నాడు. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. వేళ్ళతో దీపం ఆకారం చేసి కనుబొమ్మలెగరేశాడు. చివరికి మైకు నొక్కి, "అమ్మా, దీపం?" అన్నాడు.

"అక్కర్లేదు నాయనా. తిన్నది కదా."

ఆ భాగం విని కొందరు తిట్టారు. గిదేం ముగింపు, కొరకనే లేదు అని. ఇంకో అమ్మాయి, విన్నాక ఎందుకో వాళ్ళ అత్తకి ఫోన్ చేశానని రాసిందట. ఆ పిల్ల తిట్లే ఎక్కువసార్లు చదివి వినిపించింది. అమ్మ పద్ధతి దానికి పూర్తిగా ఎక్కిందనుకోను. ఈ మధ్య కొత్తగా ఇంకో పాత నవల పట్టుకుని తిరుగుతోంది, అందులో ఎవరిని లేపుతుందో. నాకూ ఊరికే కూర్చోవడం ఇంకా చేతకాలేదు.

ఆ రోజు రికార్డింగ్ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా కోసం తినకుండా ఆగిన మావారితో కలిపి ముగ్గురికీ నకనకలాడే ఆకలి. పొద్దున వండిన అన్నం గిన్నెలో అడుగున ఉంది. కూర చేసే ఓపిక లేదు. ఆవకాయ జాడీ దించి, గిన్నెలోనే కలిపి, నెయ్యి వేసి, వంటింట్లో కిందే కూర్చున్నాం. మావారు మోకాళ్ళ నొప్పులని స్టూలు మీద కూర్చున్నారు. పుస్తకం నా ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో పేజీలు వెనక్కి తిప్పాను. ఆ పిల్ల చెప్పిన చోటు దొరికింది. మేనత్త చెప్పే ముచ్చట పైకి చదివాను, కామా దగ్గర కొంచెం, వాక్యం చివర నిండా. కోడలు నవ్వింది.

"ఇంక చదువుండ్రి పెద్దమ్మా" అంది ఆ పిల్ల, నోట్లో ముద్దతో.

"లేదమ్మా" అని పుస్తకం మూశాను. గిన్నె దాని వైపు జరిపాను. ఇంకా రెండు ముద్దలకు ఉంది.